పొలంలో ఐదారు సెన్సర్లకు పవర్ బోర్డు: నాలుగు పద్ధతుల్లో మీకు ఏది సరిపోతుంది?

పల్నాడులో ఒక మిరప చేను, దాని పక్కన ఒక నీటి కుంట ఉన్నాయనుకోండి. గట్టు మీద పైపు పాతి ఒక స్టేషన్ పెట్టాలి. గాలి వేడిమి, గాలిలో తేమ, వాన, నేలలో రెండు లోతుల్లో తడి, కుంటలో నీటి మట్టం, గాలిలో ధూళి, ఇవన్నీ కొలవాలి. సెన్సర్లు తెచ్చుకోవడం పెద్ద పని కాదు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ ఒక పూట తిరిగితే సగం దొరుకుతాయి, మిగతావి ఆన్‌లైన్‌లో వస్తాయి. కోడ్ కూడా నాలుగు రోజులు కూర్చుంటే కుదురుతుంది. చిక్కంతా వాటికి కరెంటు ఇవ్వడం దగ్గరే. ఒకటి 3.3 వోల్టులు అడుగుతుంది, ఇంకోటి 5 అడుగుతుంది, నేలలో గుచ్చేది 12 అడుగుతుంది. ఉన్నది ఒక్క బ్యాటరీ, ఒక్క సోలార్ ప్యానెల్.

ఈ పని మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న "ఏ రెగ్యులేటర్ వాడమంటారు?" అని. రెగ్యులేటర్ అంటే బ్యాటరీ వోల్టేజీని సెన్సర్‌కు కావలసిన వోల్టేజీకి మార్చి నిలకడగా ఇచ్చే చిప్. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక లెక్క చూడాలి. పావుగంటకోసారి కొలిచే స్టేషన్ రోజు మొత్తంలో పనిచేసేది కలిపి చూస్తే 25 నిమిషాలు కూడా ఉండదు. మిగతా 23 గంటల 35 నిమిషాలు నిద్రే. ఆ నిద్రలో బోర్డు ఎంత కరెంటు తింటుందో చూసుకోకుండా రెగ్యులేటర్ ఎంచుకుంటే, ఎంత పెద్ద బ్యాటరీ పెట్టినా చాలదు. అందుకే పద్ధతులను పోల్చే ముందు ఆ లెక్క వేద్దాం.

## ముందు రోజు లెక్క

పైన చెప్పిన స్టేషన్‌నే తీసుకుందాం. ధూళి సెన్సర్ పీఎంఎస్5003 లాంటిది, లోపల ఫ్యాన్ ఉంటుంది, తిరిగేటప్పుడు 100 మిల్లీయాంపుల దాకా లాగుతుంది. ఫ్యాన్ మొదలయ్యాక 30 సెకన్లు ఆగితేగాని రీడింగ్ నిలకడగా రాదు. అందుకే దాన్ని గంటకోసారి మాత్రమే లేపుదాం. మిగతావి పావుగంటకోసారి. నేల సెన్సర్లు ఆర్ఎస్485 రకం, అంటే రెండు డేటా తీగల మీద దూరం నుంచి రీడింగ్ పంపేవి, ఒక్కోటి 20 మిల్లీయాంపులు తీసుకుంటుందని అనుకుంటున్నాను. మీ సెన్సర్‌కు కంపెనీ ఇచ్చిన డేటా షీటులో ఏముందో చూసి ఆ అంకె వేసుకోండి.

| ఏది | వోల్టేజీ | కరెంటు | ఎంతసేపు | రోజుకు ఖర్చు |
|---|---|---|---|---|
| ధూళి సెన్సర్ | 5 వోల్టులు | 100 మిల్లీయాంపులు | గంటకు 35 సెకన్లు | 117 మిల్లీవాట్ అవర్లు |
| నేల తడి, రెండు | 12 వోల్టులు | 40 మిల్లీయాంపులు | పావుగంటకు 3 సెకన్లు | 38 |
| నీటి మట్టం, అల్ట్రాసోనిక్ | 5 వోల్టులు | 30 మిల్లీయాంపులు | పావుగంటకు 1 సెకను | 4 |
| కంట్రోలర్ (స్టేషన్‌ను నడిపే చిప్), లోరా రేడియో (తక్కువ కరెంటుతో దూరానికి పంపేది) | 3.3 వోల్టులు | 50 మిల్లీయాంపులు | పావుగంటకు 2 సెకన్లు | 9 |
| వేడిమి, తేమ సెన్సర్ | 3.3 వోల్టులు | చాలా తక్కువ | క్షణం | 1 లోపే |

అంతా కలిపితే 170 దాకా వస్తుంది. వోల్టేజీ మార్చేటప్పుడు పోయే భాగం కూడా కలిపి 200 మిల్లీవాట్ అవర్లు అనుకుందాం. ఇది అసలు పనికి అయ్యే ఖర్చు.

ఇప్పుడు నిద్ర ఖర్చు చూడండి. చాలా డెవలప్‌మెంట్ బోర్డుల (కంట్రోలర్ చిప్‌ను ప్రయోగాలకు సిద్ధంగా అమర్చి అమ్మే బోర్డులు) మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఏ పనీ లేకపోయినా తనకోసం 5 మిల్లీయాంపుల దాకా తీసుకుంటుంది. 3.7 వోల్టుల సెల్ మీద రోజంతా అలా ఉంటే 444 మిల్లీవాట్ అవర్లు. అంటే సెన్సర్లన్నీ కలిసి చేసే పనికి అయ్యేదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. 12 వోల్టుల బ్యాటరీ మీద ఎల్ఎం2596 మాడ్యూల్ పెడితే, దాని సొంత ఖర్చు కూడా అదే 5 మిల్లీయాంపులు, కాకపోతే 12 వోల్టుల దగ్గర. రోజుకు 1,440. అసలు పనికి ఏడు రెట్లు. ఈఎస్పీ32 అనే కంట్రోలర్ చిప్ గాఢ నిద్రలో, అంటే డీప్ స్లీప్‌లో 10 మైక్రోయాంపులే తీసుకుంటుందని చదివి సంతోషపడిన చాలామంది, పక్కనున్న రెగ్యులేటర్ దానికి 500 రెట్లు తింటోందని గమనించరు.

అదే హెచ్‌టీ7333 లాంటి రెగ్యులేటర్ అయితే తనకోసం 4 మైక్రోయాంపులు. రోజుకు సగం మిల్లీవాట్ అవర్ కూడా కాదు.

## ఏ కొలమానాలతో పోల్చాలి

నిద్ర ఖర్చు మొదటిది, అది చెప్పేశాను. రెండోది, ఎన్ని రకాల వోల్టేజీలు కావాలి, వాటిని విడివిడిగా ఆపగలమా అన్నది. మూడోది, ఒక్కసారిగా లాగే కరెంటు. లోరా రేడియో 100 మిల్లీయాంపుల చుట్టూ ఉంటుంది, దానితో టెన్షన్ లేదు. 2జీ మోడెమ్ సిమ్800ఎల్ అయితే ప్రసారం చేసే క్షణంలో 2 యాంపుల దాకా లాగుతుంది. అప్పుడు బోర్డు మీద రాగి గీత సన్నగా ఉన్నా, బ్యాటరీ బలహీనంగా ఉన్నా వోల్టేజీ పడిపోయి అంతా రీసెట్ అవుతుంది. నాలుగోది, సెన్సర్లు బోర్డుకు ఎంత దూరంలో ఉన్నాయి. ఐదోది, ఎండ. రెంటచింతలలో మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో మూసి ఉన్న డబ్బా లోపల బయటికన్నా ఇంకా వేడిగా ఉంటుంది.

ఆరోది మాత్రం షీటుల్లో దొరకదు. స్టేషన్ ఆగిపోతే అక్కడ దాన్ని చూసేదెవరు? రైతే ఒక ప్లగ్ తీసి ఇంకో బోర్డు పెట్టుకోగలడా, లేక మీరే 200 కిలోమీటర్లు వెళ్లాలా? నా మటుకు నేను దీనికి, నిద్ర ఖర్చుకు సమానంగా విలువ ఇస్తాను.

## మొదటి పద్ధతి: రెడీమేడ్ మాడ్యూళ్లు కలపడం

12 వోల్టుల 7 యాంప్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ, చిన్న సోలార్ ఛార్జ్ కంట్రోలర్, ఎల్ఎం2596 మాడ్యూల్, ఒక డెవలప్‌మెంట్ బోర్డు, మధ్యలో జంపర్ వైర్లు. సొంత సర్క్యూట్ బోర్డు (పీసీబీ) డిజైన్ చేయనక్కర్లేదు, రెండు రోజుల్లో పని అయిపోతుంది. 12 వోల్టులు నేరుగా ఉంటాయి కాబట్టి నేల సెన్సర్లకు ఇబ్బంది లేదు. యూపీఎస్ బ్యాటరీలు అమ్మే ఏ షాపులోనైనా ఈ బ్యాటరీ దొరుకుతుంది.

మరి లెక్క? 84 వాట్ అవర్ల బ్యాటరీలో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. కాబట్టి చేతిలో ఉన్నది 42. రోజుకు ఖర్చు 1.64 వాట్ అవర్లు. ఎండ లేకపోతే 25 రోజులు. రెండు కిలోల పైన బరువుండే ఈ బ్యాటరీ 25 రోజులు నడిపే స్టేషన్‌ను, నిద్ర ఖర్చు సరిచూసి చేసిన బోర్డు మీద 2,600 మిల్లీయాంప్ అవర్ల ఒక్క 18650 లిథియం అయాన్ సెల్ నెల రోజులకు పైగా నడుపుతుంది. పైగా ఆ 25 రోజులు కూడా సెన్సర్లన్నిటినీ ఎవరో ఒకరు ఆపుతుంటేనే. స్విచ్ పెట్టకుండా ధూళి సెన్సర్‌ను, నేల సెన్సర్లను రోజంతా వదిలేస్తే ఖర్చు 23 వాట్ అవర్లు దాటుతుంది, రెండో రోజుకే బ్యాటరీ ఖాళీ.

ఇంకో బాధ జంపర్ వైర్లది. గాలికి పైపు ఊగుతుంటుంది, పగలు వేడి, రాత్రి చల్లదనం, తేమ. మూడు నెలలకు పిన్నులు వదులవుతాయి. ప్రయోగానికి, డెమోకి ఇది మంచి దారే. ఒక పంట కాలం నిలబడాలంటే మాత్రం నేను వద్దంటాను.

## రెండో పద్ధతి: ఒక్క సెల్, విడివిడిగా ఆపగలిగే లైన్లు

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను.

బోర్డు మీద ఎప్పుడూ బతికి ఉండే లైను ఒకటే: 3.3 వోల్టులు, దాని మీద కంట్రోలర్, రేడియో, వాన కొలిచే బకెట్. మిగతావన్నీ మూడు విడి లైన్లు: స్విచ్ చేసిన 3.3, స్విచ్ చేసిన 5, స్విచ్ చేసిన 12. కంట్రోలర్ లేస్తుంది, కావలసిన లైను వేస్తుంది, చదువుతుంది, ఆపేస్తుంది. 5, 12 వోల్టులను ఒక్క సెల్ నుంచి బూస్ట్ కన్వర్టర్‌తో పెంచుకుంటాం. 12 వోల్టుల దగ్గర 40 మిల్లీయాంపులు ఇవ్వాలంటే 3.2 వోల్టుల సెల్ నుంచి సుమారు 190 మిల్లీయాంపులు లాగాలి. మూడు సెకన్ల పనికి ఏ సెల్ అయినా ఇస్తుంది.

ఇక్కడ బోర్డు గీసేవాళ్లు పడే గోతులు మూడు ఉన్నాయి.

మొదటిది బూస్ట్ కన్వర్టర్‌ది. ఎంటీ3608 లాంటి చౌక చిప్‌కు ఎనేబుల్ పిన్ ఉంటుంది. దాన్ని సున్నా వోల్టులకు దించితే ఆగిపోయిందనుకుంటాం. కానీ లోపలికి వచ్చే వోల్టేజీ కాయిల్ మీదుగా, డయోడ్ మీదుగా నేరుగా బయటికి పోతూనే ఉంటుంది. 5 వోల్టుల సెన్సర్‌కు 3 వోల్టులకు పైగా అందుతూ ఉంటుంది, అది పనిచేయదు, కరెంటు మాత్రం తింటుంది. కాబట్టి బూస్ట్‌కు ముందు ఒక లోడ్ స్విచ్ (కంట్రోలర్ చెప్పినప్పుడు కరెంటు దారిని తెరిచి మూసే చిప్) పెట్టాలి, లేదా ఆపినప్పుడు దారిని పూర్తిగా తెంచే టీపీఎస్61023 లాంటి చిప్ ఎంచుకోవాలి.

రెండోది నేను స్వయంగా చేసిన తప్పు. వేడిమి, తేమ సెన్సర్ ఎస్‌హెచ్‌టీ31కు పీ ఛానెల్ మాస్‌ఫెట్‌తో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) పైవైపు, అంటే ప్లస్ తీగ మీద, స్విచ్ పెట్టాను. అది సరైన పద్ధతే. బోర్డు వచ్చింది, టంకం పెట్టాను, స్విచ్ ఆపి సెన్సర్ లైను మీద మీటర్ పెట్టాను. సున్నా రావాలి. దాదాపు 2 వోల్టులు వచ్చింది. మాస్‌ఫెట్ పాడైందనుకుని మార్చాను, మళ్లీ అంతే. రాత్రి పదింటిదాకా వెతికితే తెలిసింది: ఐ2సీ తీగలకు, అంటే సెన్సర్ డేటా తీగలకు, పెట్టిన 4.7 కిలో ఓమ్‌ల పుల్ అప్ రెసిస్టర్లు (తీగను ప్లస్ వైపు లాగి ఉంచేవి) రెండూ ఎప్పుడూ బతికి ఉండే 3.3 లైనుకు కలిపి ఉన్నాయి. ముందు తలుపు మూశాను, కరెంటు కిటికీలోంచి పోతోంది. రెసిస్టర్ మీదుగా డేటా పిన్‌లోకి, అక్కడినుంచి సెన్సర్ లోపలి రక్షణ డయోడ్ మీదుగా దాని సప్లైలోకి. నష్టం 0.35 మిల్లీయాంపులు. చిన్నదే అనిపిస్తుంది, కానీ మిగతా బోర్డంతా కలిసి నిద్రలో 15 మైక్రోయాంపులే తీసుకుంటోంది. అంటే ఈ ఒక్క దొంగ దారి దానికి ఇరవై రెట్లకు పైగా తింటోంది. పుల్ అప్ రెసిస్టర్లను స్విచ్ చేసిన లైనుకు మార్చాను, నిద్రలోకి వెళ్లేముందు కంట్రోలర్ పిన్నులను సున్నా వోల్టుల దగ్గర ఉంచమని కోడ్‌లో రాశాను. 2 వోల్టులు మాయమయ్యాయి.

గ్రౌండ్ వైపు, అంటే కిందివైపు ఎన్ ఛానెల్ మాస్‌ఫెట్ పెట్టి ఆపుదామని కొందరు చూస్తారు, చౌకగా తేలికగా ఉంటుందని. డేటా తీగ ఉన్న సెన్సర్లకు అది పనికిరాదు. గ్రౌండ్ తెంచితే సెన్సర్ తన గ్రౌండ్‌ను డేటా తీగలో వెతుక్కుంటుంది.

మూడోది, స్విచ్ వేసిన క్షణం. సెన్సర్ లైను మీద పెద్ద కెపాసిటర్ ఉంటే, స్విచ్ వేయగానే అది నిండడానికి ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. సెల్ వోల్టేజీ కుంగుతుంది, కంట్రోలర్ రీసెట్ అవుతుంది, లేచి మళ్లీ స్విచ్ వేస్తుంది, మళ్లీ రీసెట్. తెల్లారేసరికి సెల్ ఖాళీ. టీపీఎస్22918 లాంటి లోడ్ స్విచ్‌లో వోల్టేజీ ఎంత నెమ్మదిగా ఎక్కాలో ఒక చిన్న కెపాసిటర్‌తో నిర్ణయించుకోవచ్చు, ఆపినప్పుడు మిగిలిన చార్జిని కూడా అదే దించేస్తుంది. మామూలు మాస్‌ఫెట్ కన్నా ఖరీదు ఎక్కువే, నేను మాత్రం ఈ ఖర్చు దగ్గర వెనకాడను.

వాన బకెట్ గురించి ఒక మాట. అందులో ఉండేది రీడ్ స్విచ్, దానికి సొంత ఖర్చేమీ లేదు. అయితే బకెట్ సరిగ్గా స్విచ్ మూసుకున్న చోట ఆగిపోతే, 10 కిలో ఓమ్‌ల పుల్ అప్ మీదుగా 0.33 మిల్లీయాంపులు కారుతూనే ఉంటాయి. 100 కిలో ఓమ్‌లు పెట్టండి, తీగ చివర చిన్న కెపాసిటర్ కలపండి. దొంగ లెక్కలు రావు, కరెంటూ పోదు.

## మూడో పద్ధతి: 12 వోల్టుల బస్సు, సెన్సర్ దగ్గర చిన్న రెగ్యులేటర్

బస్సు అంటే ఇక్కడ సెన్సర్లన్నిటికీ కలిపి లాగిన ఒకే పవర్ లైను. కుంట ఒక మూల, నేల సెన్సర్లు ఇంకో మూల, స్తంభం మధ్యలో ఉంటే రెండో పద్ధతి ఇబ్బంది పెడుతుంది. కారణం తీగ. 0.2 చదరపు మిల్లీమీటర్ల సన్నని తీగ 20 మీటర్లు లాగితే, పోను రాను కలిపి దాని నిరోధం సుమారు 3.4 ఓమ్‌లు. దానిలో 100 మిల్లీయాంపులు పారితే 0.34 వోల్టులు దారిలోనే పోతాయి. 4.5 వోల్టుల లోపు పనిచేయని 5 వోల్టుల సెన్సర్‌కు ఇది ప్రమాదం అంచు. 12 వోల్టులు పంపి, అవతల 5 చేసుకుంటే అదే నష్టం లెక్కలోకే రాదు. అందుకే దూరం 10 మీటర్లు దాటితే నేను ఈ పద్ధతికి మారతాను.

దీనికి వచ్చే ఇబ్బంది, ప్రతి సెన్సర్ దగ్గరా ఒక చిన్న బోర్డు. ఒక్కో కన్వర్టర్ 100 మైక్రోయాంపులు తిన్నా, ఐదు కలిసి 12 వోల్టుల దగ్గర రోజుకు 144 మిల్లీవాట్ అవర్లు. కాబట్టి బస్సు మొత్తాన్ని మధ్య బోర్డు దగ్గరే ఆపాలి. ఆ స్విచ్‌కు చాలామంది ఏఓ3401 అనే మాస్‌ఫెట్ వాడతారు. దాని గేట్, సోర్స్ అనే పిన్నుల మధ్య 12 వోల్టులకు మించకూడదు. ఎండలో ఛార్జ్ అవుతున్న 12 వోల్టుల బ్యాటరీ 14 దాటుతుంది. గేట్‌ను నేరుగా గ్రౌండ్‌కు లాగితే మాస్‌ఫెట్ ఏదో ఒక మధ్యాహ్నం చచ్చిపోతుంది. రెండు రెసిస్టర్లతో పంచండి, లేదా జీనర్ డయోడ్ పెట్టండి.

పొడవాటి తీగ పొలంలో ఉందంటే పిడుగుల సంగతి కూడా చూడాలి. నేరుగా పడనక్కర్లేదు, దూరంగా పడినా తీగలో వోల్టేజీ పుడుతుంది. ఆర్ఎస్485 తీగలకు ఎస్ఎం712, పవర్ తీగలకు తగిన టీవీఎస్ డయోడ్ (హఠాత్తుగా వచ్చే ఎక్కువ వోల్టేజీని గ్రౌండ్‌కు మళ్లించేవి ఇవి), రెండూ కనెక్టర్ పక్కనే, మిగతా భాగాలన్నిటికన్నా ముందు ఉండాలి. బోర్డు మధ్యలో పెడితే అది చూసేలోపే చిప్ పోతుంది. ఇది మిగతా పద్ధతుల్లోనూ అవసరమే, ఇక్కడ మాత్రం తప్పనిసరి.

## నాలుగో పద్ధతి: ఏ సెన్సర్‌కు ఆ బ్యాటరీ

తీగలే లేకుండా, ప్రతి సెన్సర్‌కు సొంత రేడియో, సొంత సెల్. ఈఆర్34615 అనే టార్చ్ సెల్ సైజు లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ 3.6 వోల్టులు, 19 యాంప్ అవర్లు ఇస్తుంది, ఛార్జింగ్ ఉండదు, ప్యానెల్ ఉండదు. వేడిమి, నేల తడి లాంటి చిన్న సెన్సర్లకు ఏళ్లపాటు చూసుకోనక్కర్లేదు. అయితే ఈ సెల్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. చాలాకాలం నిద్రపోయాక మొదటి గుక్కకు వోల్టేజీ కుంగుతుంది కూడా, పక్కన తగిన కెపాసిటర్ ఉండాలి. ఫ్యాన్ తిరిగే ధూళి సెన్సర్‌కు ఇది కుదరదు. దొంగతనాల భయం ఉన్నచోట, ప్యానెల్ కనబడకూడదనుకున్నచోట మాత్రం దీన్ని మించింది లేదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| కొలమానం | మాడ్యూళ్లు | ఒక్క సెల్ బోర్డు | 12 వోల్టుల బస్సు | విడి సెల్స్ |
|---|---|---|---|---|
| నిద్ర ఖర్చు | చాలా ఎక్కువ | చాలా తక్కువ | బస్సు ఆపితే తక్కువ | చాలా తక్కువ |
| తీగ దూరం | 12 వోల్టులవి దూరం పోతాయి | 10 మీటర్ల లోపు | 50 మీటర్లయినా సరే | తీగే లేదు |
| 2జీ మోడెమ్ | నడుస్తుంది | లిథియం అయాన్ అయితేనే | నడుస్తుంది | కుదరదు |
| డిజైన్ కష్టం | దాదాపు లేదు | ఎక్కువ | ఇంకా ఎక్కువ | మధ్యస్థం |
| పొలంలో రిపేర్ | వైర్ల చిక్కు | బోర్డు మార్చడమే | ఏ ముక్క పోతే ఆ ముక్క | నోడ్ మార్చడమే |

## సెల్ ఏది?

రెండో పద్ధతి ఎంచుకున్నవాళ్లకు మిగిలే ప్రశ్న, 18650 లిథియం అయానా, లిథియం ఐరన్ ఫాస్ఫేటా అన్నది. మన ఎండలకు నేను ఫాస్ఫేట్ వైపే. వేడిని ఓర్చుకుంటుంది, రెండు వేల సార్లకు పైగా ఛార్జ్ అవుతుంది, మంట పట్టే భయం బాగా తక్కువ. దాని 3.2 వోల్టులు ఖాళీ అయ్యేదాకా దాదాపు కదలవు, అందువల్ల రెగ్యులేటర్ కూడా లేకుండా కంట్రోలర్‌ను నేరుగా దాని మీద నడపవచ్చు. జాగ్రత్త పడాల్సింది ఒకటే. నిండుగా ఛార్జ్ అయినప్పుడు అది 3.65 వోల్టులకు పోతుంది, ఈఎస్పీ32తో సహా చాలా చిప్‌లు 3.6 మించి ఒప్పుకోవు. టీపీ5000 లాంటి ఛార్జర్‌ను 3.6 వోల్టుల అమరికలో పెడితే ఆ హద్దు మీదే ఆగుతుంది. ఇంకా కాస్త తక్కువలో ఆపగలిగితే మరీ మంచిది.

సిమ్800ఎల్ వాడేవాళ్లకు మాత్రం ఫాస్ఫేట్ పనికిరాదు. ఆ మోడెమ్‌కు 3.4 నుంచి 4.4 వోల్టులు కావాలి. అక్కడ లిథియం అయాన్ తప్పదు. దాన్ని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. ఛార్జర్ చిప్ టీపీ4056కు వేడిమి చూసే పిన్ ఉంది, కానీ మార్కెట్‌లో దొరికే చిన్న మాడ్యూళ్లలో దాన్ని గ్రౌండ్‌కు కట్టేస్తారు. మీ సొంత బోర్డు మీద ఆ పిన్‌కు థర్మిస్టర్ (వేడిమిని బట్టి నిరోధం మారే రెసిస్టర్) కలపండి, థర్మిస్టర్‌ను సెల్‌కు ఆనించి టేపు వేయండి. ఈ చిప్ 1 యాంపుతో ఛార్జ్ చేస్తే, 6 వోల్టుల ప్యానెల్‌కూ 3.7 వోల్టుల సెల్‌కూ ఉన్న తేడా అంతా వేడిగా మారుతుంది, 2 వాట్లకు పైనే, అదీ మూసిన డబ్బాలో. మన ఖర్చు రోజుకు 0.2 వాట్ అవర్లు కాబట్టి 300 మిల్లీయాంపులు ఎక్కువే. ఛార్జింగ్ కరెంటును నిర్ణయించే ప్రోగ్రామ్ రెసిస్టర్‌ను 1.2 నుంచి 4 కిలో ఓమ్‌లకు మారిస్తే చాలు.

ప్యానెల్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 1 వాట్ ప్యానెల్ నాలుగు గంటల మంచి ఎండలో మన రోజు ఖర్చుకు చాలా రెట్లు ఇస్తుంది. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం పట్టి వరసగా నాలుగైదు రోజులు సూర్యుడు కనబడకపోయినా సెల్ తట్టుకుంటుంది. 2 వాట్లది పెట్టి, డబ్బాను దాని నీడలో బిగించండి. తెల్ల డబ్బానే కొనండి.

## ఎవరికి ఏది

ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులకు: రివ్యూకు రెండు వారాలే ఉంటే మొదటి పద్ధతితోనే వెళ్లండి. ఎల్ఎం2596 తీసేసి నిద్ర ఖర్చు తక్కువున్న మాడ్యూల్ పెట్టండి, డెవలప్‌మెంట్ బోర్డు మీది పవర్ ఎల్ఈడీ పీకేయండి, సెన్సర్లకు ఒక్క లోడ్ స్విచ్ అయినా కలపండి. నెల రోజుల పైన టైమ్ ఉంటే రెండోదానికి రెండు పొరల బోర్డు గీయండి. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పని లేదు.

సొంత పొలంలో ఒకటి రెండు స్టేషన్లు పెట్టుకునేవాళ్లకు: రెండో పద్ధతి, ఫాస్ఫేట్ సెల్, లోరా. ఇంటి మీద గేట్‌వే (లోరా సిగ్నల్ అందుకుని ఇంటర్నెట్‌కు పంపేది) పెట్టుకుంటే సిమ్ రీఛార్జ్ బాధ కూడా ఉండదు. మన దేశంలో లోరా 865 నుంచి 868 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, కొనేటప్పుడు మాడ్యూల్, యాంటెన్నా రెండూ ఆ బ్యాండ్‌వేనా అని చూసుకోండి.

ఒక రైతు సంఘానికి ఇరవై ముప్ఫై స్టేషన్లు చేస్తున్నవాళ్లకు: రెండోదే, కానీ రిపేర్‌ను దృష్టిలో పెట్టుకుని. సెన్సర్ తీగలన్నీ ఊడదీసే ప్లగ్ టెర్మినళ్ల మీద రావాలి, ఒక్కో వోల్టేజీకి ఒక్కో సైజు ప్లగ్ ఉండాలి. అన్నీ ఒకే సైజులో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు 12 వోల్టుల ప్లగ్ 5 వోల్టుల సెన్సర్‌కు వెళుతుంది. బ్యాటరీ తిప్పి పెట్టినా కాలకుండా పీ ఛానెల్ మాస్‌ఫెట్ రక్షణ ఉండాలి. షాట్కీ డయోడ్ కూడా కాపాడుతుంది గానీ ఒక్క సెల్ మీద 0.3 వోల్టులు పోగొట్టుకోవడం నష్టం. టంకం అయ్యాక కన్‌ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా బోర్డు మీద వేసే పల్చటి పూత) వేయండి, కనెక్టర్ల మీద, తేమ సెన్సర్ మీద మాత్రం పడనీయకండి. కేబుల్ గ్లాండ్ (తీగ డబ్బాలోకి వెళ్లేచోట బిగించే బిరడా) కాస్త వదులుగా ఉన్నా చీమలు వెచ్చగా ఉందని డబ్బాలో గూడు పెడతాయి, చూస్తుండగానే బోర్డు నిండా మట్టి, గుడ్లు. గ్లాండ్ బిగించడం బోర్డు పనిలో భాగమే అనుకోండి.

పరిశోధన కోసం కొలుస్తున్నవాళ్లకు: నేల సెన్సర్లు పదుల మీటర్ల దూరంలో ఉంటాయి, ఒక్క రీడింగ్ కూడా పోకూడదు. మూడోది. అనలాగ్ సెన్సర్ ఉంటే దానికి బూస్ట్ కన్వర్టర్ నుంచి నేరుగా ఇవ్వకండి, మధ్యలో చిన్న లీనియర్ రెగ్యులేటర్ పెట్టండి, స్విచింగ్ రొద రీడింగ్‌లో కలవదు. కెపాసిటర్ల విషయంలోనూ ఒక జాగ్రత్త: 6.3 వోల్టుల రేటింగ్ ఉన్న చిన్న సైజు సెరామిక్ 10 మైక్రోఫారడ్‌ను 5 వోల్టుల మీద పెడితే సగం కూడా మిగలకపోవచ్చు. రేటింగ్ రెట్టింపు ఉన్నది, సైజు పెద్దది తీసుకోండి.

2జీ లేదా 4జీ మోడెమ్ తప్పనివాళ్లకు: లిథియం అయాన్, మోడెమ్ పిన్నుల పక్కనే పెద్ద కెపాసిటర్, సెల్ నుంచి మోడెమ్ దాకా కనీసం 2 మిల్లీమీటర్ల వెడల్పు రాగి గీత. మోడెమ్ లైనుకు విడిగా స్విచ్.

## పొలానికి తీసుకెళ్లే ముందు

ఏ పద్ధతి ఎంచుకున్నా, బోర్డు గీసేటప్పుడే ప్రతి లైనుకూ ఒక రెండు పిన్నుల జంపర్ పెట్టుకోండి. బోర్డు వచ్చాక బ్యాటరీ లైను జంపర్ పిన్నుల మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, జంపర్ కూడా దాని మీద ఉంచండి. స్టేషన్ లేచి, కొలిచి, పంపి, నిద్రపోయేదాకా ఆగండి. అప్పుడు జంపర్ తీసి రెసిస్టర్ రెండు కొనల మధ్య మిల్లీవోల్టులు చూడండి. 1 మిల్లీవోల్టు అంటే 10 మైక్రోయాంపులు. 2 మిల్లీవోల్టుల లోపు వస్తే బోర్డు బాగుంది. 20, 30 వస్తే ఎక్కడో దొంగ దారి ఉంది. సెన్సర్ ప్లగ్‌లు ఒక్కొక్కటే పీకుతూ రండి, ఏది పీకినప్పుడు అంకె పడిపోయిందో అక్కడ వెతకండి. తర్వాత మేలుకునే సమయానికి ముందే జంపర్ మళ్లీ పెట్టేయాలి, లేకపోతే ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ మొత్తం పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది.

ఆ తర్వాత ప్యానెల్ ఊడదీసి, సెల్ ఒక్కదాని మీద వారం రోజులు మేడ మీద ఎండలో వదిలేయండి. రోజూ ఉదయం ఒకే సమయానికి సెల్ వోల్టేజీ రాసుకోండి. 18650 మీద అయితే ఆ వారంలో పడిన వోల్టేజీ చూసి మీ లెక్క సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. ఫాస్ఫేట్ సెల్ వోల్టేజీ కదలదు కాబట్టి, వారం అయ్యాక ఛార్జ్ పెట్టి, నిండడానికి ఎన్ని మిల్లీయాంప్ అవర్లు పట్టిందో కొలవండి. మన లెక్క ప్రకారం ఏడు రోజులకు 450 దాటకూడదు.